అక్కకు వచ్చిన జలుబు

చిన్నీ,

నువ్వు వెళ్లిపోయి నేటికి ఏడాది. ప్లేస్కూల్లో అక్కకు అంటుకున్న మామూలు జలుబే రెండు నెలల నీకు ఊపిరాడకుండా చేసిందని డాక్టర్ చెప్పారు.

గచ్చిబౌలిలో మళ్లీ ముసురు పట్టింది. అక్క క్లాసులో సగం మంది దగ్గుతున్నారు. నిన్నటి నుంచి అక్కకూ ముక్కు కారుతోంది. మన వాచ్‌మన్ భార్య యాదమ్మకు నెల కిందట బాబు పుట్టాడు. అక్కను కొన్నాళ్లు వాళ్లింట్లోకి రానివ్వొద్దని చెప్పడానికి పొద్దున్నే కిందికి వెళ్లాను.

"జర సర్ది, జలుబే గదా మేడం, ఫికర్ చెయ్యకుండ్రి. వారం సంది పాప రోజూ వచ్చి బాబుకు ముద్దు పెట్టి పోతున్నది," అని యాదమ్మ నవ్వింది.

బాబు చొక్కా పైకెత్తి చూశాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. నీకూ అలాగే మొదలైంది.

"లే యాదమ్మా, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం," అన్నాను.

ఆటో ఎక్కుతుంటే పైన బాల్కనీలో నాన్న పక్కన నిలబడి, "బాబుకేమైందమ్మా?" అని అక్క అరిచింది. తలెత్తి దాని ముఖం చూడలేకపోయాను.

అమ్మ