నల్లవాళ్ళైతే ఇరవై ఒకటి

సవానా
13 మార్చి 2016

ప్రియమైన వర్నీటా అక్కకి,

పత్రికలో వచ్చిన నీ కాలమ్ అందింది. నూట ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట రెండు కృష్ణబిలాలు గుద్దుకున్న అదురు ఇప్పుడు మన పరికరాలకి తగిలిందని నువ్వు రాసినదాన్ని శనివారం పర్విస్ సెలూన్‌లో పైకి చదివాను. పర్విస్ కత్తెర ఆపి విన్నాడు. "అంత దూరంలో రెండు నల్లవి గుద్దుకుంటే వీళ్ళకి వినపడిందా? మా వీధిలో మురుగు పొంగుతోందని ఏడేళ్ళుగా మొత్తుకుంటున్నా, ఒక్కడికీ వినపడదేం మరి?" అన్నాడు. సెలూనంతా నవ్వు. ఈ మాట మీ అక్కకి రాయి, వచ్చేవారం వేసుకోమను అన్నాడు.

నువ్వు వార్త పంపితే నేను కథ పంపాలి. చిన్నప్పటి ఒప్పందం. ఈసారి కథ లేదు, ఆసుపత్రి సంగతుంది.

నువ్వు పరీక్షలు చేయించుకుని గేరీ వెళ్ళిపోయాక ఫలితాలొచ్చాయి. నీ కిడ్నీ నాకు అతికినట్టు సరిపోతుందట. తోడబుట్టినవాళ్ళకి కూడా ఇంతలా కలవడం అరుదన్నాడు డాక్టరు. కాకపోతే ఇప్పుడే కాదట. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె ఒకటుంది. అది ఇరవైకి దిగితేనే మార్పిడి చేస్తారు, లేదా వేరేవాళ్ళ కిడ్నీ కోసం జాబితాలో పేరు ఎక్కిస్తారు. నాది ఇరవై ఒకటి. "ఇంకా టైముంది, ఆర్నెల్లాగి రండి" అన్నాడు.

బయటికొస్తుంటే ల్యాబు కిటికీ దగ్గర ఒజెల్లా అనే పెద్దావిడ, మనవాళ్ళే, నన్ను వెనక్కి పిలిచి నా రిపోర్టు చూపించింది. అందులో రెండు వరుసలున్నాయి. నల్లవాళ్ళైతే 21. కాకపోతే 18. ఒకే రక్తం అక్కా, ఒకే సీసా.

"లెక్కకొచ్చేది పద్దెనిమిదే బాబూ. నువ్వు ఫారంలో నల్ల గడిలో టిక్ పెట్టావు కదా, దానికని పైన కలిపారు. మనకి కండ ఎక్కువ కాబట్టి రక్తపరీక్షలో కిడ్నీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందట. నా చేతులు చూడు, ఎక్కడుందో కండ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీది పాలు పోసిన కాఫీ రంగు. ఇంకో ఫారం ఇస్తా, 'ఇతరులు' అన్నదాని మీద పెట్టు. ఎవడూ అడగడు. నెలాఖరుకి మీ అక్కని పిలిపించుకోవచ్చు" అంది.

ఫారం జేబులో పెట్టుకొచ్చాను. ఏం చేయమంటావు?

నీ తమ్ముడు
లోంజో


గేరీ
20 మార్చి 2016

ప్రియమైన తమ్ముడికి,

ఆ ఫారం చించెయ్.

ఇరవై ఏళ్ళుగా వారం వారం నేను అరుస్తున్నది ఏమిటి? గడి కనిపిస్తే టిక్ పెట్టండి, లెక్కలో లేని జనానికి మందు ఉండదు అని. నీకది కంఠతా వచ్చు. ఓటు అడిగినందుకు తాతని పోర్టు పనిలోంచి తీసేశారు. అమ్మ పేరు ఆసుపత్రి పుస్తకంలో ఇంటిపేరు లేకుండా రాశారు, పశువుకి రాసినట్టు. మనం ఉన్నామని కాగితం మీద ఒప్పించడానికి మూడు తరాలు పట్టింది. ఇప్పుడు నా సొంత తమ్ముడు, నా కాలమ్ సెలూన్‌లో పైకి చదివే మనిషి, 'ఇతరులు' అవుతాడా?

బాబాయి కొడుకు రోలండ్‌ని గుర్తు చేసుకో. అట్లాంటా వెళ్ళి తెల్లవాడిగా బతికాడు. వాళ్ళమ్మ పోతే పూలు పంపాడు, మనిషి రాలేదు. ఆయన కూడా ఒక్క ఫారంతోనే మొదలుపెట్టాడు. నీకూ ఆయన రంగే వచ్చింది. ఆయన బుద్ధి రాలేదనుకుంటున్నాను.

ఇక అంకె సంగతి. మన ఒంటిని వైద్యం ఎప్పుడూ విడిగా చూడలేదని కొట్లాడింది మనమే. ఇప్పుడు విడిగా చూసి విడిగా లెక్కకడితే అనుమానపడేదీ మనమేనా? ల్యాబు కిటికీలో కూర్చునే ఆవిడకి తెలిసింది డాక్టర్లకి తెలియదా? ఇరవై ఒకటంటే ఇరవై ఒకటి. టైముందన్నారు, సంతోషించు.

నాలుగు పేజీలయ్యింది, చెయ్యి నొప్పెడుతోంది. ఒక్కటి గుర్తుంచుకో. నా కిడ్నీ ఎక్కడికీ పోదు. అవసరమైన రోజు నేనే వచ్చి ఇస్తాను. నల్లవాడిగా అడుగు, నల్లదానిగా ఇస్తాను.

ప్రేమతో
నీ అక్క వర్నీటా


గేరీ
4 నవంబరు 2018

ప్రియమైన లోంజోకి,

నీ అంకె పంతొమ్మిదికి దిగిందని తెలిసిన మర్నాడే ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. పరీక్షలన్నీ మొదట్నుంచీ మళ్ళీ చేశారు. ఎలా రాయాలో తెలియక రెండు వారాలు ఆగాను.

నాకు షుగరు వచ్చింది. ఏడాదిన్నరగా ఉండి ఉంటుందన్నారు. షుగరున్న మనిషి కిడ్నీ తీసుకోరు. "మీ రెండూ మీకే కావాలమ్మా" అంది నర్సు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు. రెండున్నరేళ్ళ కిందట అయితే తీసుకునేవారా అని అడిగాను. "అప్పుడు మీకేం, గుర్రంలా ఉన్నారు" అంది నా పాత కాగితాలు చూస్తూ.

నీ పేరు జాబితాలో ఎక్కింది కదా. మీ రాష్ట్రంలో ఐదేళ్ళు పడుతుందంటున్నారు. నువ్వు మొండివాడివి, ఐదేళ్ళు నీకో లెక్క కాదు. ఉప్పు మానెయ్.

ఈ వారం కాలమ్ జత చేశాను. రెండువేల ఆరువందల గ్రహాలు కనిపెట్టిన దూరదర్శిని ఇంధనం అయిపోయి ఆగిపోయింది. దాని మీద ఏదైనా రాయి. ఏదో ఒకటి రాయి తమ్ముడూ.

నీ అక్క


సవానా
17 మే 2020

ప్రియమైన అక్కకి,

ఎడమ చెయ్యి యంత్రానికిచ్చి కుడి చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. డయాలిసిస్ మొదలై నాలుగు నెలలు. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. ఇరవై కుర్చీల్లో పదిహేడు మనవాళ్ళవి. పక్క కుర్చీలో క్లీటస్ అనే ముసలాయన ఉండేవాడు. "మా కాలంలో బస్సులో వెనక కూర్చోబెట్టేవాళ్ళురా. ఇక్కడ చూడు, ముందు వరసా మనదే, వెనక వరసా మనదే. ఇంకేం కావాలి?" అనేవాడు. మాస్కు మీద కళ్ళొక్కటే నవ్వేవి. మహమ్మారి ఆయన్ని పట్టుకుపోయింది. గురువారం ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు.

కథ అడిగావుగా, ఇదిగో. భూమి మీద గాలి అయిపోతోంది. జనాన్ని ఓడల్లో ఎక్కించి వేరే గ్రహానికి తీసుకుపోతున్నారు. గుమ్మం దగ్గర ఊపిరి కొలుస్తారు. ఇరవై కన్నా తక్కువ ఉన్నవాడికే చోటు. మనవాడు ఊదితే కొలిచేవాడు కాస్త కలిపి రాసుకుంటాడు. "మీ ఛాతీలు పెద్దవి, మీకింకా గాలుంది. తర్వాతి ఓడకి రండి" అంటాడు మర్యాదగా, చేతికో నీళ్ళ సీసా ఇచ్చి. తర్వాతి ఓడ ఉందో లేదో నేను రాయలేదు.

పర్విస్‌కి ఫోన్‌లో చదివి వినిపించాను. "నీ కథల్లో ఆకాశంలో కూడా మనల్నే వరసలో నిలబెడతావేంరా?" అన్నాడు.

నీ లోంజో


గేరీ
15 జనవరి 2023

ప్రియమైన తమ్ముడికి,

గెలిచాం.

కాగితం మీద ఎంత చల్లగా ఉందో చూడు ఆ మాట. ఇక కిడ్నీ లెక్కలో జాతి చూడరు. దేశంలోని ఆసుపత్రులన్నీ మన పాత కాగితాలు తీసి, జాతి లేకుండా మళ్ళీ లెక్కకట్టి, జాబితాలో మన నుంచి తీసుకున్న కాలాన్ని తిరిగి కలపాలని ఆదేశం వచ్చింది. మనకి కండ ఎక్కువన్నది సైన్సు కాదట, ఎవరో కొందరిని కొలిచి అందరికీ అంటగట్టిన ఊహ అట. ఆ ఊహ ఇన్నేళ్ళు ప్రతి ల్యాబులో అచ్చయింది. ఎంతమంది చచ్చారో ఎవరూ చెప్పరు. నేను అడిగాను కాలమ్‌లో, పేరుపేరునా అడిగాను. పత్రికకి ఎన్ని ఫోన్లు వచ్చాయో తెలుసా? పాస్టర్ గారు ఆదివారం ప్రసంగంలో నా వాక్యాలు చదివారు.

నీ కాలం నీకు వచ్చేస్తుంది. ఆ ఓడ కథ ఇప్పుడు పత్రికలో వేద్దాం. చివర కాస్త మార్చు. ఓడ వచ్చిందని రాయి.

ప్రేమతో
నీ వర్నీటా అక్క


సవానా
21 జనవరి 2024

ప్రియమైన అక్కకి,

మంగళవారం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాది పట్టింది వాళ్ళకి. నేను 2016 మార్చి నుంచే జాబితాలో ఉండాల్సిందట. అందుకని రెండేళ్ళ ఏడు నెలలు నాకు తిరిగి ఇస్తున్నారట. సంతకం యంత్రం వేసింది. క్షమించండి అన్న మాట కోసం రెండుసార్లు వెతికాను. "మీ సహనానికి ధన్యవాదాలు" అని ఉంది.

శుక్రవారం ఇంకో ఉత్తరం. అదే ఆసుపత్రి, వేరే అంతస్తు. నాలుగేళ్ళ డయాలిసిస్‌తో గుండె బాగా దెబ్బతిందని, ఆపరేషన్ తట్టుకోదని, నా పేరు జాబితాలోంచి తీసేశామని. నేను ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి మంగళవారం కాగితమే చూసింది. "ఎంత పైకొచ్చారో తెలుసాండీ, ఇక ఏ రోజైనా పిలుపు రావచ్చు" అంది సంబరంగా. శుక్రవారం కాగితం నేనే చదివి వినిపించాను. ఒక్క నిమిషం అని ఫోన్‌లో పాట పెట్టింది పాపం.

నా సంగతి పత్రికలో వేయకు. పేరు మార్చి కూడా వేయకు.

నిరుడు నువ్వు పంపిన కాలమ్ మళ్ళీ తీసి చదివాను. బాగా రాశావు. అందులో ఈ అన్యాయం నీకు అప్పుడే కొత్తగా తెలిసినట్టు రాశావు. మనిద్దరికీ 2016లో తెలుసు కదా అక్కా. ఒజెల్లా చెప్పింది, నేను నీకు రాశాను. అంత చదువుకున్నదానివి, పద్దెనిమిదికి అర్థం తెలియలేదా? ఏడేళ్ళుగా అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు రాసిన ఆ నాలుగు పేజీలు నువ్వు నమ్మే రాశావా?

వాదించకు. జవాబు రాయి.

లోంజో


గేరీ
28 జనవరి 2024

ప్రియమైన లోంజో,

మొదట ఆరు పేజీలు రాశాను. ఆ సూత్రం కట్టినవాళ్ళని తిట్టాను. మనుషుల్ని కొనేవాళ్ళు సంతలో చేతులు నొక్కి చూసిన రోజుల నుంచి ఆ కండ మాట ల్యాబు కాగితం దాకా ఎలా నడిచొచ్చిందో రాశాను. ఒక్క ముక్క తప్పు లేదు అందులో. చించేశాను. నువ్వడిగింది అది కాదు.

పద్దెనిమిదికి అర్థం నాకు తెలుసు. చదివిన క్షణమే తెలిసింది. నెలాఖరుకి నన్ను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెడతారని.

అమ్మ గర్భసంచిలో గడ్డ తీయించుకోవడానికి ఆ బల్లే ఎక్కింది. నాకు పదిహేడేళ్ళు. నువ్వు పిన్ని ఇంట్లో ఉన్నావు. నేను తలుపు బయట ఉన్నాను. మత్తు చాలక ఆమె అరిచింది. "వీళ్ళు ఓర్చుకుంటార్లే" అని లోపల ఎవరో అన్నారు. తర్వాత మొహం మీదుగా దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. ఈ మాట ఇన్నేళ్ళలో నీకు చెప్పలేదు.

పరీక్షలకి వచ్చినప్పుడు ధైర్యంగా కనిపించాను కదా. డాక్టరు ఇంకా టైముందన్నాడని నువ్వు రాసింది చదివి కుర్చీలో కూలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. కింది పేరా చదివాక నీ మీద కోపం వచ్చింది. ఆ ఒజెల్లా మీద ఇంకా వచ్చింది. భయం అని రాయడానికి సిగ్గేసి జాతి గౌరవం అని రాశాను. రాస్తూ రాస్తూ నేనే నమ్మేశాను, అంత బాగా కుదిరింది.

వాళ్ళు అబద్ధపు అంకె వేశారు. దాన్ని నీ దగ్గర నిలబెట్టింది నేను.

తొమ్మిదో తారీకు శుక్రవారానికి బస్సు టికెట్టు తీసుకున్నాను. వచ్చి నీ పక్కన కూర్చుంటాను. క్షమించానని ఒక్క మాట అను. అనకపోయినా వస్తాను.

నీ అక్క


సవానా
4 ఫిబ్రవరి 2024

అక్కకి,

నువ్వు బస్సెక్కేలోపు అందాలని ఇది అర్జంటు పోస్టులో పంపిస్తున్నాను.

పోయిన సోమవారం నుంచి డయాలిసిస్‌కి వెళ్ళడం లేదు. కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ స్పృహ పోతోంది. డాక్టరు మొదట వద్దన్నాడు, తర్వాత మీ ఇష్టం అన్నాడు. పది రోజులు, మహా అయితే రెండు వారాలన్నాడు. ఆరు రోజులు అయిపోయాయి.

నీ భయాన్ని తప్పుపట్టను. అమ్మ సంగతి విన్నాక అసలే పట్టను. 'నాకు భయంగా ఉంది తమ్ముడూ' అని ఒక్క వాక్యం రాసి ఉంటే నీ కిడ్నీ వద్దనేవాణ్ణి. కానీ ఫారం మీద మాత్రం ఒజెల్లా చెప్పినట్టే పెట్టి, అప్పుడే జాబితాలో చేరేవాణ్ణి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కిడ్నీతో ఈపాటికి పర్విస్ సెలూన్‌లో కూర్చుని నీ కాలమ్ చదువుతూ ఉండేవాణ్ణి. నువ్వు నీది దాచుకోవడానికి, నాకు రాగలదాన్ని కూడా రానివ్వలేదు. ఆ నాలుగు పేజీలు అంత బాగా రాయకపోయినా సరిపోయేది. నేను నిన్ను ఎప్పుడూ నమ్మేవాణ్ణి కదా.

ఆ సూత్రం కట్టినవాళ్ళకి నా పేరు తెలియదు. నీకు తెలుసు.

క్షమించలేదు. ఇంకో పదేళ్ళుంటే క్షమించేవాణ్ణేమో. ఆ పదేళ్ళు లేవు.

పర్విస్ రోజూ పొద్దున్నే వచ్చి గడ్డం గీస్తున్నాడు. వాళ్ళావిడ చిలగడదుంపతో చేసిన 'పై' అనే తీపి రొట్టె తెచ్చాడు. డయాలిసిస్ పథ్యం వల్ల నాలుగేళ్ళుగా నోట పెట్టలేదు, ఇప్పుడు అడ్డుచెప్పేవాళ్ళు లేరు. రెండు ముక్కలు తిన్నాను. "ఆ లెక్క కట్టినవాణ్ణి ఒక్కసారి నా కుర్చీలో కూర్చోబెట్టరా, మెడ మీద నున్నగా గీస్తాను" అన్నాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. మీ అక్క వస్తుందా అని అడిగాడు. వద్దన్నానని చెప్పాను. కత్తి తుడిచి మడిచాడు.

నువ్వొస్తే ఏడుస్తావు. నేను నిన్ను ఓదార్చాలి. నాకు మిగిలిన ఊపిరి దానికి ఖర్చుచేయను.

సమాధి దగ్గరికి ఎప్పుడైనా రా. అప్పటిదాకా రావద్దు.

లోంజో