రిస్కుల పేజీలో మా వీధి

శనివారం, ఆష్‌బర్న్

పక్కింటి ప్రసాద్‌గారి మీద ఒళ్లు మండిపోతోంది. మధ్యాహ్నం వీధివాళ్లంతా తలా ఒక వంటకం తెచ్చుకున్న పాట్‌లక్‌లో, "ఆ విండ్ పవర్ కంపెనీ షేరు చవగ్గా ఉంది, కళ్లు మూసుకుని కొనెయ్యండి" అన్నారు. నేను అలా కొనే రకం కాదు కదా, ఇంటికొచ్చి యాన్యువల్ రిపోర్ట్ తెరిచాను. అప్పులు అదుపులోనే ఉన్నాయి, డివిడెండ్ లాభాల్లోంచే ఇస్తున్నారు. సోమవారానికి ఆర్డర్ పెట్టేశాక, మరి ఇంత చవకెందుకని రిస్కుల పేజీ చదివాను. ఆష్‌బర్న్‌లో వాళ్ల కరెంటు తెచ్చే హైటెన్షన్ లైను వెయ్యనివ్వకుండా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అడ్డుపడుతున్నారట! అది మా ఇళ్ల వెనకాల వెయ్యబోయే లైనే. వద్దని పిటిషన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగింది ఈ ప్రసాద్‌గారే. లైను ఆపేదీ ఆయనే, షేరు కొనమనేదీ ఆయనేనా?

రేపు మొహం మీదే అడుగుదామని పిటిషన్ కాపీ బయటికి తీశాను. ఆయన సంతకం కిందే నాది.

ఆర్డర్ ఇంకా క్యాన్సిల్ చెయ్యలేదు.