చుట్ట కాలేంత సేపు

తాతా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున్నే ఇక్కడ ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్ ఊరి దగ్గర ఒక ప్రైవేటు ఎస్టేట్‌లో వేటకు వెళ్లాను. నవ్వకు, తుపాకి పట్టింది నేను కాదు. మా ఇంటి ఓనరు ప్రసాద్ అంకుల్ స్లాట్ బుక్ చేసుకుని, "మీ తాత వేటగాడన్నావుగా, తోడు రామ్మా" అన్నారు.

ఎప్పుడో జపాన్ నుంచి తెచ్చి వదిలిన జాతి దుప్పిని ఆయన కాల్చారు. తూటా తగిలినా అది పడకుండా పొదల్లోకి దూకింది. పరుగు తీయబోయిన అంకుల్‌ని జాకెట్ పట్టుకుని ఆపాను.

"వదులమ్మా, పారిపోతోంది!"

"కూర్చోండి అంకుల్, తరిమితే ఇంకా దూరం పోతుంది."

తను ఆపేలోగా నేనే ఆపానని మా వెంట వచ్చిన ఎస్టేట్ గైడు నవ్వి, పక్కనే కూర్చున్నాడు. దెబ్బ తిన్న జంతువు వెనక వెళ్లే ముందు నువ్వు ఆగినట్టే, నీ చుట్ట కాలేంత సేపు ఎవరమూ కదల్లేదు.

తర్వాత ఎంత వెతికినా నేల మీద నెత్తురు కనిపించలేదు. "ఎక్కడ పడి గిలగిల్లాడుతోందో, ఆ పాపం నాదే" అని అంకుల్ తల పట్టుకున్నారు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది: "కింద సూడకు బిడ్డా, ఆకులు సూడు. ఒంటికి రాసుకున్న ఆకుకే నెత్తురంటుతది."

నడుమెత్తున, ఎండిన ఫెర్న్ ఆకు మీద ఎర్రటి మరక. ఇంకో పది అడుగుల్లో దుప్పి. అప్పటికే ప్రాణం పోయింది, ఎక్కువసేపు బాధపడలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నాడు గైడు టోపీ తీసి.

నిమిషం కుదురుగా ఉండని నన్ను కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పినవాడివి నువ్వేగా! నీ పేరు చెప్పాను. అతనికి నోరు తిరగలేదు. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు, మూడుసార్లు పలికించాను.

నీ మనవరాలు