దడకు నాలుగు గడులు

ఉదయగిరి,
10 అక్టోబరు 1994, సోమవారం

ప్రియమైన లిదియ చిన్నమ్మకు,

ఈ ఉదయం పాలు కాగుతుంటే గిన్నె మీద మూత దడదడలాడింది. వరండాలోంచి అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. పాల వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను పీట మీద కూర్చుని చదువుకుంటున్నాను. ఈలోపు పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"బాగానే ఉండావా?" అంది.

"నేను బాగానే ఉన్నాను, పాలే పోయినాయి" అన్నాను. ఆ మాటకి కోపం వచ్చి మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

ఇల్లంతా ఇలాగే ఉంది. నేను దగ్గితే నాయన పేపరు దించుతాడు. మెట్లు ఎక్కితే అమ్మ కింద నిలబడి చూస్తుంది. పక్కింటి మాలకొండమ్మ మేకల్ని తోలుకుపోతూ గోడ మీంచి తల పెట్టి, "ఏం పాపా, గుండె కొట్టుకుంటా ఉండాదా?" అని రోజూ అడుగుతుంది. కొట్టుకోకపోతే ఎట్లా అవ్వా అని అడగాలనిపిస్తుంది. అడగను, తల ఊపుతాను.

డిసెంబరు అయిదుకి ఇంకా ఎనిమిది వారాలు. చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల గుండెలో ఒక కవాటం ఇరుకైందనీ, మద్రాసులో ఆ రోజు ఆపరేషన్ చేసి సరిచేస్తారనీ వచ్చిన వాళ్ళందరికీ చెప్పి చెప్పి విసుగు పుట్టింది. నీకు రాస్తున్నది వేరే సంగతి.

జులైలో దడ వచ్చి ఊపిరాడకపోతే నాయన జీపు మాట్లాడి నన్ను నెల్లూరు తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని నాలుగు రోజులు ఉంచుకున్నారు. పోయిన నెల ఒక శనివారం మళ్ళీ అదే దడ. మళ్ళీ జీపు, మళ్ళీ నెల్లూరు. అక్కడికి చేరేటప్పటికి ఏమీ లేదు. డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసి, "భయపడ్డావు, అంతే" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు సంగం దగ్గర టీకి ఆగాం. నాయన గ్లాసు కింద పెట్టి, "ముందే తెలుసుకునే దారి ఏమన్నా ఉండాదా అమ్మా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. కోపంగా అడిగినా బాగుండేది.

నాకు రెండుసార్లూ ఒకేలా ఉంది చిన్నమ్మా. మూడోసారి వస్తే ఏమని చెప్పాలి? వట్టి భయమైతే జీపు ఎక్కి మళ్ళీ నవ్వులపాలు. గుండె అయినప్పుడు భయమే అనుకుని ఊరుకుంటే డిసెంబరు అయిదు నా దాకా రాదు. నువ్వు నర్సువి. తేడా ఎట్లా తెలుస్తుందో రాయి.

ఇంకొకటి. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఆగస్టు నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. నడిపించేది ప్రమీలమ్మగారు. ఆమెకు ఎవరో ఆపరేషన్ అంతా వివరంగా చెప్పినట్టున్నారు. "ప్రభువా, రొమ్ము ఎముక రంపంతో కోసేటప్పుడు నీవు ఉండు, గుండెను ఆపేటప్పుడు నీవు ఉండు, మళ్ళీ కొట్టుకోకపోతే..." అని ఒక్కటీ వదిలిపెట్టదు. నేను కళ్ళు మూసుకుని, చదువుతున్న పుస్తకం ఏ పేజీలో ఆపానో గుర్తు చేసుకుంటూ కూర్చుంటాను.

నీ
ఏంజెలిన్


ఆత్మకూరు,
14 అక్టోబరు 1994

ఏంజీ తల్లికి,

డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నీ ఉత్తరం చదివాను. తేడా ఎట్లా తెలుస్తుందని అడిగావు. నాకు తెలియదే. ఈ ఆసుపత్రి పనిలో ఇరవై రెండేళ్ళు గడిచాయి, మొహం చూసి చెప్పడం ఇంకా రాలేదు. చూడగానే చెప్పేస్తామనే వాళ్ళను నమ్మొద్దు.

అనంతసాగరం నుంచి ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చేవాడు. అల్లుడు ఇంటికి వచ్చినప్పుడల్లా రొమ్ము పట్టుకుని బస్సు ఎక్కేవాడు. మూడుసార్లు ఏమీ లేదని పంపేశాం. ఆయన గేటు దగ్గర కనపడగానే మా కాంపౌండరు "అల్లుడు దిగినాడా పెద్దాయనా?" అని కేకేసేవాడు. నాలుగోసారి కూడా అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. నవ్వుకుంటూనే పడుకోబెట్టాం. ఆ రోజు మాత్రం గుండెపోటు. బతికాడులే, మమ్మల్ని తిట్టడానికి. కారణం దొరికింది కదా, ఇక ఇది భయమే అని తీర్మానించుకోవద్దని ఇది రాస్తున్నాను.

ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు గడులు గీయి. ఎప్పుడు వచ్చింది. అప్పుడేం చేస్తున్నావు. నాడి నిమిషానికి ఎంత, ఒకే తీరుగా ఉందా లేదా. ఎంతసేపటికి తగ్గింది. నాడి పూర్తిగా ఒక నిమిషం చూడు. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయడం నీలాంటి తెలివైనవాళ్ళు చేసే పని. కూర్చుంటే తగ్గని దడ వచ్చినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్ళు ఉబ్బినా, దగ్గితే ఎరుపు కనపడినా నోటుబుక్కు అవతల పడేసి జీపు ఎక్కు. నవ్వులపాలు అవుతావా? అవు. మా దగ్గర రోజూ పదిమంది అవుతుంటారు, దానివల్ల ఎవరూ పోలేదు.

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా? ఆ సంగతి రాయనే లేదు.

ప్రమీలమ్మను నేనెరుగుదును. నాకు పెళ్ళి కావాలని కూడా ఆమె ఉపవాసం ఉంది. వరుల పేర్లు ఊరందరికీ వినపడేలా ప్రార్థన చేసింది. నేను ఇదిగో ఇట్లా ఉన్నాను.

చిన్నమ్మ
లిదియమ్మ


ఉదయగిరి,
31 అక్టోబరు 1994, సోమవారం

ప్రియమైన చిన్నమ్మకు,

నోటుబుక్కులో రాసింది కాపీ చేసి పంపుతున్నాను. కొంచెమే ఉంది.

22 శనివారం, సాయంత్రం. బట్టలు మడతపెడుతున్నాను. 118. ఒకే తీరుగా లేదు. ఇరవై నిమిషాలు.
23 ఆదివారం. చర్చిలో రెండో పాటకు లేచినప్పుడు. 132. రెండు దెబ్బలు వెంటవెంటనే పడి, తర్వాత ఒక ఖాళీ. కూర్చున్నా నలభై నిమిషాలు.
24 సోమవారం, ఉదయం. ఊరికే ఉన్నాను. 110.
29 శనివారం, మధ్యాహ్నం. చదువుతున్నాను. 124.
30 ఆదివారం. చర్చి గేటు దగ్గర. 130. అరగంట పైన.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కటీ లేదు. 26 బుధవారం మాలకొండమ్మ మేక లోపలికొచ్చి లైబ్రరీ పుస్తకంలో రెండు పేజీలు నమిలింది. నేను దాని వెంట వీధి చివరి దాకా పోయాను. నేను పరుగెత్తకూడదు, తెలుసు. తిరిగొచ్చి నాడి చూసుకుంటే 96. అయిదు నిమిషాల్లో మామూలైంది. మాలకొండమ్మ గోడ మీంచి, "మంచి పుస్తకమే అయ్యుంటాదిలే పాపా, అది అన్నీ తినదు" అంది.

ఇప్పుడు చూడు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన. రంపం, ఎముక, ఆగిపోయే గుండె. శనివారం అవన్నీ నా తలలో తిరుగుతాయి. ఆదివారం చర్చిలో అడుగు పెడితే ఆరు వరుసలు వెనక్కి తిరిగి చూస్తాయి. పాస్టరుగారు నా పేరు చెప్పి నిలబడమంటారు. చిన్నప్పుడు కాన్వెంటులో పద్యం అప్పజెప్పమంటేనే నా చేతులు చల్లబడేవి, నీకు తెలుసు. మంగళవారానికి అంతా సర్దుకుంటుంది. ఎంత ఆలోచించినా ఒకటే తేలుతోంది. ఇది గుండె కాదు చిన్నమ్మా, ప్రమీలమ్మ.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకనుంచి శని, ఆదివారాల్లో దడ వస్తే ఎవరికీ చెప్పను. పుస్తకం తెరిచి కూర్చుంటాను. నాయన మూడోసారి జీపు కోసం పరుగెత్తడం నేను చూడలేను.

మాత్రలు అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను. గుండె వేగం తగ్గించే చిన్న మాత్రకు శని, ఆదివారాలు సెలవు, మద్రాసు డాక్టరు చెప్పినట్టే.

నీ
ఏంజెలిన్


ఆత్మకూరు,
4 నవంబరు 1994, శుక్రవారం

ప్రియమైన మొండిదానికి,

అల్లుడి కథ నీకు ఎందుకు రాశాననుకున్నావు, నవ్వుకోవడానికా? ఆ కాంపౌండరు చేసిన పనే నువ్వు చేస్తున్నావు. అతను వేరేవాళ్ళను చూసి నవ్వాడు, నువ్వు నిన్ను చూసి నవ్వుకుంటున్నావు. గుండెకు ప్రమీలమ్మ ఎవరో తెలియదే పిల్లా.

నేను చూసినంతలో భయపడిన వాళ్ళ నాడి కుట్టుమిషన్ లాగా పోతుంది, వేగంగానే కానీ ఒకే తీరుగా. నీది అట్లా లేదు. 132, మధ్యలో ఖాళీలు, కూర్చున్నా నలభై నిమిషాలు తగ్గలేదు. మేక వెంట పరుగెత్తినప్పుడేమో అయిదు నిమిషాల్లో తగ్గింది. నీ నోటుబుక్కును నువ్వే సరిగా చదవలేదు. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

మా డాక్టరుకు చూపించాను. గుండె పరిస్థితి దిగజారుతున్నట్టుంది, డిసెంబరు దాకా ఆగొద్దు అన్నాడు. ఎస్టీడీ బూత్‌లో నిలబడి మద్రాసు ఆసుపత్రితో మాట్లాడాను. పద్నాలుగో తేదీ ఇస్తామన్నారు. అది కలిగిరి శీనమ్మది. ఆగస్టులో మద్రాసు ఆసుపత్రి వరండాలో మన పక్కన కూర్చున్న అమ్మాయి, చంటిబిడ్డతో. ఆమెను నీ డిసెంబరు అయిదుకి మారుస్తారు. నాకూ కష్టంగానే ఉంది. కానీ నువ్వు నా అక్క కూతురివి, ఆమె కాదు.

సోమవారం పొద్దున్నకల్లా అవునో కాదో చెప్పాలి. ఈ ఉత్తరం బస్సు కండక్టరు శ్రీనివాసులు చేతికి ఇస్తున్నాను. జవాబు అతని చేతికే ఇవ్వు, పోస్టును నమ్ముకోవద్దు. నాకు ఆదివారం దాకా డ్యూటీ ఉంది, లేకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. ఈలోపు దడ వస్తే ఎవరికైనా చెప్పు. ప్రమీలమ్మకైనా సరే చెప్పు.

చిన్నమ్మ


ఉదయగిరి,
5 నవంబరు 1994, శనివారం

ప్రియమైన చిన్నమ్మకు,

పద్నాలుగో తేదీ వద్దు. మద్రాసుకు ఫోన్ చేసి శీనమ్మ తేదీ శీనమ్మకే ఉంచమను.

ఆ రోజు వరండాలో ఆమె బిడ్డను నా ఒళ్ళో పెట్టి, "ఒక్క నిమిషం పట్టుకో అక్కా" అని బాత్రూముకు లేచింది. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ గోడ. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమెది భయమా గుండెనా అని ఎవరూ అడగక్కర్లేదు. ఆమె వచ్చేదాకా బిడ్డ నా కళ్ళజోడు లాగుతూనే ఉంది. ఆమె తేదీ నేను తీసుకోను.

నువ్వు రాసింది నిజమే. నాది భయం కాదు, గుండే. కానీ మీ డాక్టరు అన్నట్టు దిగజారి ఉండకపోవచ్చు. వారంలో నాలుగు రోజులు బాగుండి మూడు రోజులు ఎందుకు చెడుతోందో నాకు నిన్న తెలిసింది.

నిన్న శ్రీనివాసులు నీ ఉత్తరం తెచ్చేటప్పటికి ప్రార్థన ముగింపుకు వచ్చింది. ప్రమీలమ్మగారు చాప మీంచి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడింది. ఆమెకు అరవై ఆరేళ్ళు, షుగర్ ఉంది. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. అమ్మ చక్కెర కలిపిన నీళ్ళు ఇస్తే సగం చీర మీద పోసుకుంది.

"ఇంకెందుకమ్మా ఈ వయసులో మీకు ఉపవాసాలు?" అంది అమ్మ.

"ఊరుకో సుకుమారీ. ఆ బిడ్డ రొమ్ము కోయించుకోబోతా ఉండాది. నేను ఒకపూట అన్నం మానలేనా?" అని నా వైపు తిరిగింది. "నువ్వు తిన్నావా పాపా? నువ్వు మటుకు తినాల. మేం పస్తు ఉండేది ఎందుకు?"

నేను తల ఊపాను. తర్వాత లోపలికి పోయి నీ ఉత్తరం చదివాను. నోటుబుక్కు పక్కన పెట్టుకుని రెండోసారి చదివాను. నాలుగు గడులు సరిపోలేదు చిన్నమ్మా. అయిదోది ఉండాల్సింది. నువ్వు గీయమనలేదు, గీయకుండా నేనూ జాగ్రత్తపడ్డాను.

ఆమె ప్రార్థనల మీద నీకు రాసినదంతా తుడిచేయాలని ఉంది. తుడవనులే, అవి కూడా నిజమే. రంపం సంగతి దేవుడికి అంత వివరంగా చెప్పక్కర్లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం పొద్దున బస్సుకు శ్రీనివాసులు చేతికి ఇస్తున్నాను. మధ్యాహ్నం బస్సుకు నాయనతో కలిసి నేను వస్తున్నాను. మీ డాక్టరు నన్ను ఒకసారి చూసి, మద్రాసుకు ఏం చెప్పాలో చెప్పనీ. నాయనకు రాత్రే చెప్పేశాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు. "జీపు ఎన్నిసార్లయినా పిలిపిస్తాను. ఇట్లాంటిది మటుకు దాచొద్దు" అన్నాడు. అమ్మ మాత్రం ఇంకా అరుస్తూనే ఉంది. రాస్తుంటే వినపడుతోంది.

వచ్చే శుక్రవారం ప్రమీలమ్మగారి ఎదురుగా కూర్చుని అన్నం తింటాను. ఆరుగురు చూస్తుంటే ముద్ద ఎట్లా దిగుతుందో నాకు తెలియదు. ఆపరేషన్ కంటే దానికే ఎక్కువ భయంగా ఉంది.

నీ ఎదుట నిలబడి చెప్పలేనని ముందుగా ఉత్తరం పంపుతున్నాను. నేను బస్సు దిగేటప్పటికి నీ కోపం సగమైనా దిగి ఉంటే చాలు.

నీ
ఏంజెలిన్

సంతకం పెట్టాక రాస్తున్నాను. పైన రాద్దామంటే చెయ్యి ఆడలేదు. ఆగస్టు నుంచి ప్రతి శుక్రవారం నేనూ వాళ్ళతో పాటు ఉపవాసం ఉంటున్నాను. అన్నం తిన్నాక వేసుకోవాల్సిన మాత్రలు ఆ రోజు ఒక్కటీ వేసుకోవడం లేదు. చిన్న మాత్రకు ఆ తర్వాత రెండు రోజులూ ఎటూ సెలవే.