నీలం ఛాతీ

మార్చి 3

నా చిన్నప్పటి రోబో బొమ్మకి తెప్పించిన మూడో చెయ్యి కూడా పట్టలేదు. నెల రోజులు ఎదురుచూస్తే సముద్రం దాటి వచ్చింది. అదే రోబో, అదే మొహం, అదే లారీగా మారుతుంది. పిన్ను మాత్రం ఒక మిల్లీమీటరు లావు. ఛీ.

మా ఆవిడ చూసి, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనీ, నా బొమ్మకి ఒకటే చెయ్యనీ అంది. నాకు నవ్వు రాలేదు.

మార్చి 4, పొద్దున 6

ఎందుకింత పట్టుదలో ఇక్కడైనా రాసుకోవాలి. నాన్న ఈ బొమ్మ తెచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పన్నెండు. డబ్బా మీది బొమ్మలో ఛాతీ బటన్ నొక్కితే ఎడమ పిడికిలి రయ్యిన ఎగురుతోంది. మాది ఎగరలేదు. నాకంటే ముందు డబ్బా విప్పింది అక్క. అక్కే విరగ్గొట్టిందని ఇల్లు పీకి పందిరేశాను. తను బటన్ ముట్టుకోలేదంది. నాన్న నమ్మలేదు, స్కూల్ టూర్ మాన్పించాడు. తర్వాత వారానికే ఆ పిడికిలి కూడా కనబడకుండా పోయింది. పారేశానని నాకూ నాలుగు తగిలాయి.

ముప్పై ఒక్కేళ్ళయింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఆరోగ్యాలు, పిల్లల చదువులు, అంతే, పెట్టేస్తుంది. తప్పు చేసిందీ తనే, అలిగిందీ తనే. బొమ్మ బాగుచేసి, పిడికిలి తన ముందే ఎగరేసి, అప్పుడడుగుతాను.

మార్చి 9

నాలుగో చెయ్యికి ఆర్డర్ పెట్టి ఐదు రోజులు. ఏ పార్సెలూ రాలేదు.

మార్చి 12

డబ్బాల పెద్దాయనకి ఫొటోలు పంపాను. పాత బొమ్మలకంటే వాటి అట్టపెట్టెలే ఎక్కువ దాచుకున్న మనిషి. ఛాతీ ఏ రంగని అడిగాడు. నీలం అన్నాను. మరి డబ్బా మీద? ఎరుపు. ప్రింటింగ్ తేడా అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఎర్ర ఛాతీవి ఒక దేశానికి, నీలం ఛాతీవి ఇంకో దేశానికి చేశారట. పిల్లల కంట్లో తగులుతుందని నీలంవాటిలో స్ప్రింగే పెట్టలేదట. ఎర్రవాటి డబ్బాలు మిగిలిపోతే నీలంవి అందులోనే సర్దేశారట. నేను తెప్పించినవన్నీ ఎర్రవాటి చేతులు, అందుకే పట్టలేదట. నాది ఎప్పుడూ ఎగిరింది కాదు, ఎగిరేదీ కాదన్నాడు.

ఒళ్ళు మండింది. మా ఇంట్లో జరిగింది ఈయనకేం తెలుసు.

మార్చి 13, మధ్యాహ్నం 2

పగుల్తుందేమోనని ఇన్నేళ్ళూ విప్పలేదు. ఇవాళ నా కళ్ళద్దాల షాపులో, మూడు కళ్ళజోళ్ళు రిపేరుకి వెయిటింగ్‌లో ఉండగా, ఆ చిన్న స్క్రూడ్రైవర్‌తోనే ఛాతీ విప్పేశాను. భూతద్దం పెట్టి చూశాను. విరిగిన గుర్తు లేదు. స్ప్రింగ్ కూర్చోవడానికి గుంటే లేదు. అచ్చులోనే పూడ్చేశారు, నున్నగా.

లేనిదాన్ని అక్క ఎలా విరుస్తుంది?

ఒకావిడకి ఇంకొకరి కళ్ళజోడు ఇచ్చేశాను. రెండుసార్లు సారీ చెప్పాను. ఆవిడకి చెప్పడం తేలికే.

మార్చి 14

ఫోన్ తీశాను. పెట్టేశాను.

మార్చి 16, సాయంత్రం 5

చేశాను. రంగులు, డబ్బాలు, స్ప్రింగ్, గుంట, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను.  అక్క అంతా విని, ఆ టూర్‌లో క్లాసు వాళ్ళంతా లైట్‌హౌస్ ఎక్కారని చెప్పింది. తను ఇంతవరకూ ఏ లైట్‌హౌసూ ఎక్కలేదట. పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఊరంతా తిప్పి అసలు మాట చెప్పలేదు. తిక్క వెధవని. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తప్పు నాదే అక్కా అని మెసేజ్ పెట్టాను. చూసింది. 

మార్చి 22

కొరియర్‌లో చిన్న కవరు. లోపల ఎడమ పిడికిలి. పిన్ను సన్నం. టక్కున పట్టింది.

చీటీలో అక్క రాత: అది నేను కాదు. ఇది నేనే.