బుధవారం ముక్క

తాడేపల్లిగూడెం,
24-11-2008, సోమవారం.

ప్రియమైన సిల్వియాకు,

దేవుని చల్లని చూపు నీ హాస్టలు గదిమీద ఉండాలని కోరుతూ మీ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను, తాతయ్య, శని ఆదివారాలు మాత్రం మీ నాన్న, పెరట్లో పుంజు, అందరం క్షేమం. పుంజుని కూడా ఎందుకు కలిపానో చదువుతూ ఉంటే నీకే తెలుస్తుంది. పుణెలో చలి మొదలైందని రాశావు. నీలం స్వెట్టరు పెట్టె అడుగున పెట్టాను, ఒకసారి ఎండలో వేసి తొడుక్కో.

ఫోనులో ముక్తసరిగా మాట్లాడానని నాన్న దగ్గర అలిగావట. ఫోను ఉన్నది ముందు గదిలో, తాతయ్య మంచం ఉన్నదీ ముందు గదిలోనే. ఆయనకి చెవుడని అందరూ అంటారుగానీ తన గురించిన మాటయితే గోడ అవతలినుంచి కూడా వినిపిస్తుంది. ఈ ఉత్తరంలో సగం ఆయన సంగతులే. అందుకని మూడో తరగతి పిల్లలకి చూచిరాత ఇచ్చి, బడిలోనే కూర్చుని రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. నాన్న మోకాలు నయం. పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టరు మీదికి ఎక్కి దిగడం తగ్గించారు, ఇప్పుడు స్టోరు చూసుకుంటున్నారు. వారంలో ఐదు రోజులు అక్కడి మెస్సులో ఏం తింటున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. శనివారం ఇంటికి వచ్చి నీ చార్టు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మేడం గారి దయవల్ల రేపు ఆదివారం అంటారు. ఆ వెటకారానికి నేను బదులు చెప్పను, మర్నాడు వడ్డించేటప్పుడు ఒక ముక్క తగ్గిస్తాను.

చార్టు ఉందా చింపేశారా అని అడిగావు. ఉంది. మే నెలలో నువ్వు వంటింటి తలుపు పక్కన అంటించింది అంటించినట్టే ఉంది, కింది మూల మాత్రం ఆవిరికి కాస్త లేచింది. ‘ఆదివారం ఒక్కరోజే ముక్క’ అని ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నువ్వు రాసిన అక్షరాలూ, ఒక కిలో మాంసం మన పళ్ళెంలోకి రావడానికి ఎంత మేత, ఎంత నీరు కావాలో చెప్పే బొమ్మలూ అలాగే ఉన్నాయి. నీ ఆవు మాత్రం గాడిదలాగే ఉందమ్మా, ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

మిగతా రోజులు ఏం వండుతున్నావని కదా ఇంకో ప్రశ్న. మొదట్లో మీల్ మేకరు తెచ్చి మసాలా పెట్టి వండాను. తాతయ్య ఒకటి నమిలి, పలకలు తుడుచుకునే స్పాంజి ఇందులో ఎలా పడిందని అడిగారు. ఆ ప్యాకెట్టు మళ్ళీ కొనలేదు. ముక్కలా కనపడాలని చూసే కూరలన్నీ మానేశాక నా వంట కుదురుకుంది. కంద బచ్చలి, పనసపొట్టు, పెసర పునుకుల పులుసు, గుత్తి వంకాయ. నిజం చెప్పాలంటే పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఇంత ఇష్టంగా వండింది ఈ ఆరు నెలలే. నా చిన్నప్పుడు మా అమ్మ చేసినవన్నీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చేస్తున్నాను. ఆదివారం వచ్చేసరికి ఆ ఒక్క కూర కూడా మునుపటికంటే రుచిగా ఉంటోంది, ఎదురుచూసి తింటాం కాబట్టి.

ఇక నువ్వు ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో అడిగావే, తాతయ్యకి ఇంకా నామీద కోపమేనా, క్రిస్మస్‌కి రావాలా, హాస్టల్లోనే ఉండిపోవాలా అని. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. కొంచెం ఓపికగా చదువు.

జూన్‌లో నువ్వు బయల్దేరే రోజు పొద్దున ఆయన అన్నమాట నువ్వూ మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. “మా అయ్య ఏడాదికొక్కసారి క్రిస్మస్‌కి ముక్క తిన్నాడు. నేను రైల్వే గ్యాంగులో ముప్పై ఏళ్ళు కంకర గమేళాలు మోసి, మా ఇంట్లో బుధవారం కూడా ముక్క ఉడికేలా చేసుకున్నాను. అది మానమనడానికి నువ్వెవరివి?” అన్నారు. నువ్వు ఏడుస్తూ ఆటో ఎక్కేశావు. ప్రయాణం ముందు నీ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం ఆయనకి నీ అయిదో ఏటినుంచీ అలవాటు. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి, ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ సంగతి నీకిప్పుడే చెప్తున్నాను.

ఆ తర్వాత బుధవారం వచ్చింది. నేను పప్పుచారు పెట్టాను. మారు మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. ప్రతి బుధవారమూ అంతే. ఆగస్టులో కొల్లేరు పక్కన మండవల్లి వెళ్ళి, చేపల చెరువు మీద కాపలా ఉండే మీ చిన్నతాత ఎలీయాజరు గారిని చూసి వచ్చారు. వచ్చాక రెండు రోజులు సరిగా తినలేదు. ప్రయాణం పడలేదనుకున్నాను. ఆ మౌనమంతా కోపమేననుకుని, నీకు రాసిన ఉత్తరాల్లో ఆయన ఊసెత్తకుండా తప్పించుకుంటూ వచ్చాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇన్నాళ్ళూ దాచాను.

సెప్టెంబరులో పక్కింటి కనకమహాలక్ష్మి గారు, బుధవారాలు మీ వంటింట్లోంచి మసాలా వాసన రావట్లేదు, ఎవరికైనా ఒంట్లో బాలేదా అండీ అని అడిగారు. మావయ్య గారికి బి.పి., డాక్టరు తగ్గించమన్నారు అనేశాను. ఆవిడ ప్రశ్నలోనే జవాబు సిద్ధంగా ఉంది, నేను తీసుకున్నాను. కార్తీకమాసం రాగానే కోళ్ళ షాపు వీరాస్వామి రోడ్డుమీద ఆపాడు. ఈ నెలంతా హిందువులు కొనరు, మీవాళ్ళే మాకు ఆధారం, మీరూ బుధవారాలు మానేస్తే ఎలాగండీ అన్నాడు. అతనికీ బి.పి.యే చెప్పాను.

మూడోది పోయిన బుధవారం. మన చర్చి పాస్టరు క్రీస్తుదాసు అయ్యగారు మనింట్లో కుటుంబ ప్రార్థనకి వస్తామని కబురు చేశారు. అయ్యగారు భోజనానికి వస్తే మనవాళ్ళలో కోడి కొయ్యని ఇల్లు ఉంటుందా? క్రిస్మస్‌కని పెంచుతున్న పుంజు ఉంది, కోయించమంటారా అని తాతయ్యని అడిగాను. “ఇవాళ బుధవారం కదమ్మా” అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నన్ను దెప్పుతున్నారనుకున్నాను. నాకూ పంతం వచ్చి గుత్తి వంకాయ, దోసకాయ పప్పు, గారెలు చేశాను. అయ్యగారు పళ్ళెం వంక చూశారు, గిన్నెల వంక చూశారు, చూసి మర్యాదగా ఊరుకున్నారు. తిన్నాక తాతయ్య నూతి దగ్గరికి వెళ్ళిన సమయంలో, ఇంట్లో అందరూ కులాసానే కదా అమ్మగారూ అని నెమ్మదిగా అడిగారు. బి.పి. అన్నాను, ఈసారి ఎక్కువగా ఉందని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడమూ, పెరట్లో గంప కింద మూసిన పుంజు వేళాపాళా లేకుండా కూయడమూ ఒక్కసారే జరిగాయి. ప్రభువుని ఎరగనని మూడుసార్లు బొంకి, కోడికూత విని ఏడ్చిన శిష్యుడి కథ పాతికేళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకి చెప్తున్నదాన్ని నేను.

నిజం చెప్పడానికి నాకేం అడ్డం వచ్చిందని అడుగుతావు. పుణెలో చదివే పిల్ల భూమి వేడెక్కిపోతోందని చెప్తే ముక్క తగ్గించామంటే నవ్వుతారని ఒక భయం. రెండోది అంతకంటే పెద్దది. మనవాళ్ళలో కొందరు నాలుగు అక్షరాలు రాగానే ముక్క మానేసి పెద్ద కులాలవాళ్ళలా కనపడాలని చూస్తారు. వాళ్ళ వెనక జనం ఏమంటారో విన్నాను, నేనూ అన్నాను. ఆ మాట మన గుమ్మంలోకి వస్తుందేమోనని వణికాను. వంటింట్లో నీ మాట ఇష్టంగా పాటిస్తూ, గుమ్మం దాటాక నీ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. నన్ను క్షమించు తల్లీ.

దాని ఫలితం విను. అయ్యగారి భార్య ద్వారా గురువారం స్త్రీల కూటంలో సంగతి తెలిసిపోయింది. శుక్రవారం ఒకరు బత్తాయిలు, శనివారం ఇంకొకరు హార్లిక్సు సీసా తెచ్చి తాతయ్య చేతికిచ్చి, ధైర్యంగా ఉండండని చెప్పి వెళ్ళారు. ఆయన బత్తాయిలు హాయిగా ఒలుచుకు తింటూ, ఈ ఏడు సంఘంలో పెద్దవాళ్ళంటే గౌరవం పెరిగిందే అన్నారు. నేను తొక్కలు ఏరి పెరట్లో పారేసి వచ్చాను.

నిన్న ఆదివారం ఆరాధనలో అయ్యగారు తాతయ్య పేరెత్తి, సంఘ పెద్దలు ఎజ్రాగారి అనారోగ్యం నిమిత్తం ప్రార్థన చేద్దామన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మగవాళ్ళ వైపు రెండో బల్లమీద తాతయ్య తల తిప్పి నావైపు చూశారు. ఎంతసేపు చూశారో తెలియదు, ప్రార్థన అయ్యేదాకా చూశారు. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చెప్పవచ్చనగానే బల్ల అంచు పట్టుకుని లేచారు. సిల్వియా, ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను.

“ప్రార్థన చేసినందుకు అందరికీ వందనాలండి. నాకే జబ్బూ లేదండి. ముసలోడి పళ్ళెంలో ముక్క లేదంటే నలుగురూ ఏవనుకుంటారోనని, నా పరువు కోసం మా కోడలు అలా చెప్పింది. దాన్ని ఏవీ అనకండి. మా ఇంట్లో ముక్క తగ్గించమంది నా మనవరాలు సిల్వియా అండి. నేను దాన్ని తిట్టి పంపించాను. తర్వాత ఆగస్టులో మా తమ్ముణ్ణి చూద్దామని కొల్లేరు వెళ్ళాను. చిన్నప్పుడు దోనెలో కూర్చుని దోసిలితో ఆ నీళ్ళు తాగినోణ్ణండి. ఇప్పుడు చెరువు గట్టుమీద లారీలోంచి నీలం డ్రమ్ములు దింపుతున్నారు. ఏంటని చూస్తే కోడి పేగులు, ఈకలు. మనం కోళ్ళ షాపుల్లో ముక్క కొనుక్కెళ్ళాక మిగిలిందంతా చేపలకి మేతంట. మా తమ్ముడు ముక్కుకి తువ్వాలు కట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఆ నీళ్ళు కాలవలోకి, కాలవ కొల్లేట్లోకి. ఇన్నేళ్ళూ నేను కొన్న బుధవారం కోడి పేగులు కూడా అందులోనే ఉన్నాయనిపించిందండి. పిల్ల బొమ్మలేసి చెప్తే ఎక్కలేదు, ఆ కంపుకి ఎక్కింది.”

అక్కడితో కూర్చుంటారనుకున్నాను. కూర్చోలేదు.

“ముక్క తినడం తప్పని నేను అనట్లేదండి. ఈ మధ్యాహ్నం కూడా తింటాను. ముక్క తింటామని మనల్ని తక్కువగా చూసినోళ్ళ మాట విని నేను మానలేదండి. వాళ్ళ కోసమైతే ఒక్క పూట కూడా మానను. నా మనవరాలి మాట విని తగ్గించాను. ఆ రెండూ ఒకటి కాదండి.”

అంతే, కూర్చున్నారు. కొంతమంది ముఖాల్లో ఒప్పుకోలు లేదు, ఉండాలని నేను అనుకోవడమూ లేదు. బయటికి వచ్చాక అయ్యగారు నా దగ్గరికి వచ్చి, అమ్మగారూ, మీ గుత్తి వంకాయ బి.పి. లేకపోయినా తినొచ్చు కదండీ అని నవ్వారు. హార్లిక్సు తెచ్చినావిడ ఆ సీసా వెనక్కి అడగలేదు, తాతయ్య ఇవ్వనూ లేదు.

ఇంటికి వచ్చాక ఆయన ముందు నిలబడి క్షమించమని అడిగాను. “నాకు లేదుగానీ అమ్మా, ఇలా భయపడితే నీకు వస్తుంది బి.పి.” అన్నారు. మరి ఆగస్టునుంచీ ఆ మాట పిల్లకి ఎందుకు చెప్పలేదు మావయ్య గారూ అని అడిగాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మంచం మీద కూర్చుని, చాలాసేపు అరచేతులు చూసుకున్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషికి ఇరవై మూడేళ్ళ పిల్ల దగ్గర తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆ చేతులు చూస్తే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ నాన్నని చార్టు దగ్గరికి పిలిచారు. పక్కన క్యాలెండరు పెట్టించుకుని ఒక ధర్మసందేహం లేవదీశారు. క్రిస్మస్ ఈసారి గురువారం వచ్చింది. పండక్కి ముక్క తింటే ఆ వారం ఆదివారం మానెయ్యాలా, లేకపోతే పండగని వేరుగా చూడొచ్చా? నీ చార్టులో ఆ సంగతి లేదట. రూలు రాసినవాళ్ళు ఇంత ముఖ్యమైనది వదిలేస్తే ఎలాగని మీ నాన్నమీద కేకలేశారు, అదేదో నాన్నే రాసినట్టు.

నేను ఉత్తరం రాస్తున్నాను, అడిగి కనుక్కుంటాను అన్నాను.

“వద్దు. ఇలాంటివి కాగితాల మీద తేలవు. దాన్నే వచ్చి నా ఎదర నిలబడి చెప్పమను. అది చెప్పేదాకా ఆ పుంజుని ఎవరూ ముట్టుకోవద్దు” అన్నారు.

ఇట్లు,
నువ్వొచ్చి తేల్చేదాకా పుంజుకి నూకలు వేస్తూ ఉండే
మీ అమ్మ,
ప్రభావతి.