ఎదురింటావిడ సంగతి

ప్రియమైన అక్కకు,

బాబు బాగున్నాడు, నేనూ బాగున్నాను. ఈయన పొద్దున్నే బేకరీకి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేశాను, కొన్నాళ్లు దాని జోలికి పోను.

నా బెంగంతా ఎదురింటావిడ గురించే. ఆవిడది వేరే దేశం. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. ఆవిడకూ మావాడి ఈడు పాప ఉంది. పాపం, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించదట. ఏడిస్తే వినపడకుండా కుళాయి విప్పి, చెవులు మూసుకుని నిలబడుతుందట. తను లేకపోతేనే బిడ్డకు మంచిదనుకుంటుందట. ఇలాంటి తల్లులు కూడా ఉంటారా అక్కా?

నీ చెల్లి

బంగారు చెల్లికి,

ఉంటారే, ఎందుకుండరు? బస్సులో టికెట్లు కొడుతూ కూడా నీ ఉత్తరమే తలుచుకున్నా. స్టాపు వచ్చినా విజిలు వేయడం మరిచిపోయి తిట్లు తిన్నాను.

ఒక్కటి చెప్పు. ఆవిడ భాష నీకు రాదు, నీ భాష ఆవిడకు రాదు. మరి ఆవిడ మనసులో మాట నీకెవరు చెప్పారే? నా దగ్గరా నీ నాటకాలు? నీకు జడలు వేసిన చేతులివి.

నువ్వు చెడ్డ తల్లివి కావు, ఒంట్లో బాగాలేని తల్లివి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరకు పోమూ? ఇదీ అంతే. ఈ ఉత్తరం మరిదికి చూపించు. సెలవు దొరకగానే బండెక్కుతాను. అందాకా ఒంటరిగా ఉండకు, ఆ ఎదురింటి తలుపు కొట్టు. మాట రాకపోతే ఏడ్చెయ్, సిగ్గేమిటి?

నీకోసం కాలు నిలవని అక్క

ప్రియమైన అక్కా,

దొరికిపోయాను. అవన్నీ నా సంగతులే. నావని రాయడానికి చెయ్యి రాలేదు. ఉత్తరం చూపిస్తే ఈయన తింటున్న కంచం వదిలేసి లేచి, నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ మందిచ్చింది, మళ్లీ రమ్మంది.

మర్నాడు ఎదురింటి తలుపు కొట్టాను. చెప్పడానికి మాటల్లేక, ఆవిణ్ని మా వంటింట్లోకి లాక్కొచ్చి, కుళాయి విప్పి, చెవులు మూసుకుని చూపించాను. ఛీ కొడుతుందేమో అనుకున్నాను.

ఆవిడ కుళాయి కట్టేసింది. తన గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ తర్వాత తనూ రెండు చెవులూ మూసుకుంది.

అక్కా, ఆవిడ మీద నేను కట్టిన కథంతా నిజమే! ఇద్దరం వంటింటి నేల మీద కూలబడి ఏడ్చాం. ఇప్పుడు పగలంతా రెండు తలుపులూ తీసే ఉంటాయి. ఒకరు పడుకుంటే ఇంకొకరు ఇద్దరు పిల్లల్నీ చూస్తున్నాం. బాబును ఎత్తుకోవాలంటే నాకింకా భయమే, అబద్ధమెందుకు. నువ్వు తొందరగా రా. ఆవిణ్ని కూడా డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్దాం.

ఇట్లు,
నీ ఎదురింటావిడ